మార్కాపురం వెళితే అడవిదాకా వెళ్ళండి

మా కురిచేడు స్టేషన్లో నంద్యాల వైపు పోయే బండెక్కితే పొట్లపాడు, దొనకొండ, గజ్జెలకొండ దాటాక మార్కాపూర్ రోడ్ వస్తుంది. ఎక్కేటప్పుడే కుడివైపు కిటికీ చూసుకోండి. దొనకొండలో బ్రిటిషువాళ్ళ కాలం నాటి విమానాల మైదానం ఉంది, ఒకప్పుడు పెద్ద రైల్వే షెడ్డూ ఉండేది. ఆ ఊరు దాటాక కంది చేలు, మిరప చేలు పలచబడి రాతి నేల మొదలవుతుంది. దూరాన ఆకాశం అంచున నల్లటి గీత కనపడుతుంది. అదే నల్లమల. మార్కాపురం ఆ కొండల గుమ్మంలో ఉన్న ఊరు.

శ్రీశైలం వెళ్ళే కార్లూ బస్సులూ ఈ ఊళ్ళో టీ తాగి వెళ్ళిపోతాయి. ఎవర్నడిగినా 'మార్కాపురమా? పలకల ఊరు' అంటారు. కొద్దిమంది చెన్నకేశవస్వామి గుడి పేరు చెబుతారు. ఈ రెండూ నిజమే. అయితే ఈ ఊరికి మూడోది ఒకటుంది, దాన్ని మనం పట్టించుకోవడం లేదు. నల్లమల అడవుల గిరిజనులైన చెంచులకు మైదానంలో ఉన్న పెద్ద ఊళ్ళలో ఇదొకటి. వాళ్ళ అడవి సరుకు దిగేది, వాళ్ళ అర్జీలు వచ్చేది, జబ్బు చేస్తే వాళ్ళను మోసుకొచ్చేది ఈ వైపుకే. పలకనూ గుడినీ చూసి చెంచుల్ని చూడకుండా తిరిగొస్తే మార్కాపురం సగమే చూసినట్టు. నేను ఈ ప్రాంతంలో బడిపంతులుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. అందుకే ముందు పలక సంగతితో మొదలుపెడతాను.

భూగర్భ శాస్త్రం చదివినవాళ్ళు ఈ పలకరాయి పొరలను 'కంభం శ్రేణి' అంటారు. మార్కాపురానికి నైరుతిన ఉన్న మన కంభం ఊరి పేరే దానికి పెట్టారు. వంద కోట్ల ఏళ్ళకు మునుపెప్పుడో ఇక్కడ సముద్రం ఉండేది. దాని అడుగున పేరుకున్న మెత్తటి ఒండ్రు మీద భూమి ఒత్తిడి పడి పడి రాయిగా మారింది. ఆ ఒత్తిడి వల్లే రాయి ఒకే దిక్కున పొరలు పొరలుగా విడుతుంది. క్వారీలో పని తెలిసినవాడు పక్కన కూర్చుని సన్న ఉలి పెట్టి సుత్తితో మెల్లగా తడతాడు. ఒక దెబ్బకు కాదు. అంచు వెంబడి ఉలిని జరుపుకుంటూ నాలుగైదు చోట్ల తడతాడు, చెవి దగ్గర పెట్టుకుని వింటాడు, మళ్ళీ తడతాడు. ఉన్నట్టుండి అంగుళం మందం రాయి రెండు రేకులవుతుంది. విడిన లోపలి ముఖం చేత్తో తాకితే చల్లగా, నున్నగా ఉంటుంది. చేయి తిరిగినవాడు అదే రాయిలో ఇంకా పలుచని రేకులు తీస్తాడు. వాటిని కోసి, అరగదీసి, చుట్టూ చెక్క చట్రం బిగిస్తే పలక.

మా బళ్ళో పిల్లలు ఏడాది మొదట్లో ఆ పలకలు పట్టుకొచ్చేవాళ్ళు. నాలుగు రోజులకే తెల్లబడేవి. అప్పుడు పొయ్యిలో బొగ్గు నూరి, దొండాకు పసరు కలిపి రుద్ది ఎండబెడితే మళ్ళీ కొత్తగా నిగనిగలాడేవి. శనివారం మధ్యాహ్నం బడి వరండా అంతా ఆ పసరు వాసనే. ఈ ఊరి పలక మీద ఓనమాలు దిద్దిన తెలుగువాళ్ళు ఎన్ని లక్షల మందో! తర్వాత నోటు పుస్తకాలు వచ్చాయి, ప్లాస్టిక్ పలకలు వచ్చాయి. రాతి పలక పక్కకు తప్పుకుంది. మార్కాపురం మాత్రం చేతులు ముడుచుకు కూచోలేదు. అదే రాయిని ఇంటి కప్పుల పెంకులుగా, గోడల బిళ్ళలుగా, నేల మీద పరిచే బండలుగా కోసి విదేశాలకు పంపడం మొదలుపెట్టింది. నలుపు, బూడిద, తుప్పు రంగు, ఆకుపచ్చ జీర కలిసిన రాళ్ళు ఊరి బయట ఫ్యాక్టరీల ముందు పేర్చి ఉంటాయి. లోపలికి వెళ్ళి చూడాలంటే మర్యాదగా అడగండి, చాలా చోట్ల చూడనిస్తారు. వెళ్ళినప్పుడు కోత యంత్రం దగ్గర పనిచేసే మనిషి ముఖం వైపు కూడా చూడండి. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుంటే మందు లేదు. మూతికి తువ్వాలు చుట్టుకుంటే సరిపోదు. ఇన్ని దేశాలకు రాయి పంపే పరిశ్రమ, ఆ రాయి కోసేవాళ్ళకు మంచి ముసుగూ, కోత దగ్గర నీళ్ళ జల్లూ ఇవ్వలేకపోవడానికి నాకు కారణం కనపడదు.

గుడి ఊరి నడిబొడ్డున ఉంది. లక్ష్మీ చెన్నకేశవస్వామి. విజయనగర కాలపు పనితనం మండపంలో తెలుస్తుంది. దర్శనం అయ్యాక తొందరపడి బయటికి రాకుండా ఆ స్తంభాల దగ్గర కొంతసేపు కూర్చుంటే మంచిది. తేరు రోజున చుట్టుపక్కల పల్లెలన్నీ ఇక్కడే ఉంటాయి. గుడి గురించి ఇంతకన్నా బాగా అక్కడి అర్చకులే చెబుతారు.

ఊరి మాటతీరు గురించి ఒక ముక్క. 1970 ఫిబ్రవరి 2న ప్రకాశం జిల్లా ఏర్పడే దాకా మార్కాపురం, కంభం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేవి. ఒంగోలు వైపు గుంటూరు నుంచి వచ్చింది, కందుకూరు వైపు నెల్లూరు నుంచి వచ్చింది. అందుకే ఇక్కడి మాటలో సీమ యాస వినపడుతుంది, పొద్దున హోటల్లో ఉగ్గాని, బజ్జీ దొరుకుతాయి. నీళ్ళలోనూ తేడా ఉంది. మా కురిచేడు వైపు నాగార్జునసాగర్ కుడికాలువ నీళ్ళు చూసినవాళ్ళం. రైల్లో కాసేపు పడమటికి వస్తే తాగునీటికి బిందెలు వరసపెట్టే ఊళ్ళు. ఫ్లోరైడు నీళ్ళు తాగి పళ్ళూ ఎముకలూ పాడైనవాళ్ళు ఈ పడమటి మండలాల్లో ఎంతోమంది.

ఇంత కరువు నేలలో పూర్వీకులు కట్టిన కంభం చెరువును తప్పక చూడండి. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మకు రెండు కొండల సందున అడ్డంగా కట్ట వేశారు. చెరువంటారుగానీ నిండినప్పుడు అవతలి ఒడ్డు ఆనదు. అయిదు వందల ఏళ్ళ నాటిది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దీన్ని వారసత్వ కట్టడాల జాబితాలో చేర్చింది. మార్కాపూర్ రోడ్ తర్వాత తర్లుపాడు, ఆ తర్వాత కంభం స్టేషన్. పొద్దున వెళ్ళి కట్ట మీద నడిచి మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు.

ఇక చెంచులు.

మార్కాపురం నుంచి వాయవ్యంగా ముప్పై కిలోమీటర్లు పోతే దోర్నాల. అక్కణ్ణుంచి శ్రీశైలానికి యాభై కిలోమీటర్ల అడవిదారి. దోర్నాల, యర్రగొండపాలెం, అర్ధవీడు మండలాల్లో అడవి అంచునా అడవి లోపలా చెంచు గూడేలున్నాయి. యర్రగొండపాలెం మండలం పాలుట్ల లాంటివి నిండు అడవి మధ్యలో ఉన్నాయి. వాన పడితే దారి తెగిపోతుంది. నొప్పులు మొదలైన ఆడబిడ్డ ఆ దారిన ఆసుపత్రికి చేరాలి.

తెలుగువాళ్ళ కథల్లో చెంచులకు కొదవలేదు. అహోబిల నరసింహస్వామి పెళ్ళాడింది చెంచులక్ష్మిని. శ్రీశైల మల్లన్నను చెంచులు అల్లుడిగా చూసుకుంటారు, చెంచు మల్లయ్య అంటారు. 1958లో వచ్చిన 'చెంచులక్ష్మి' సినిమా చూడని ఆ తరం మనిషి లేడు. రోడ్డు లేని కాలంలో శ్రీశైలం యాత్రికులకు దారి చూపింది, జంతువు బారిన పడకుండా కాపాడింది చెంచులే. దేవుడికి పిల్లనిచ్చినవాళ్ళని గౌరవంగా చెప్పుకుంటాం. అదే మనిషి చింకి గుడ్డతో తేనె సీసా పట్టుకుని బస్టాండులో నిలబడితే బేరమాడి సగానికి అడుగుతాం. ఈ తేడా నన్ను ఎప్పుడూ బాధపెడుతూనే ఉంది.

ఆ సీసాలోకి తేనె ఎలా వస్తుందో చెబుతాను. కొండచరియ కింద, మనిషి చేయి అందని చోట పెద్ద తేనెపట్లు పడతాయి. చెంచు మనిషి తీగలతోనో నారతోనో పేనిన తాడు పట్టుకుని చరియ మీద నుంచి కిందికి దిగుతాడు. పొగ పెట్టి ఈగల్ని తోలి, పట్టును కోసి కిందికి దించుతాడు. పైన తాడు పట్టుకునేది ఎవరనుకున్నారు? అన్నో తమ్ముడో కాదు, బావమరిది. తోడబుట్టినవాడికి ఆస్తి మీదో మరోదాని మీదో కన్నుండవచ్చుగానీ, తన చెల్లెలి తాళి తెగాలని ఏ అన్నా కోరడు కదా. ఈ ఏర్పాటు అడవి జనం గురించి రాసిన పాత పుస్తకాల్లోనూ ఉంది, గూడెంలో పెద్దవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. పట్టు మొత్తం తీయరు, కొంత వదిలేస్తారు. మళ్ళీ ఏడు ఈగలు అక్కడికే రావాలి.

తేనె ఒక్కటే కాదు. తపసి చెట్టుకు గాటు పెట్టి తీసే జిగురు, తిరుమాను జిగురు, కుంకుళ్ళు, చింతపండు, బురద నీటిని తేర్చే చిల్లగింజలు, ఎండాకాలం మనం తాగే నన్నారికి వాడే మారేడు గడ్డలు. ఏ చెట్టుకు ఏ నెలలో గాటు పెట్టాలో, ఎంత లోతు పెడితే చెట్టు చావదో వాళ్ళకు తెలుసు. గిట్టుబాటు ధరకు కొనడానికి 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టారు. చెంచుల కోసమే శ్రీశైలంలో సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ 1976లో వచ్చింది. అంతకు ముందు ఏడాదే వాళ్ళను ఆదిమ గిరిజన తెగల్లో చేర్చారు. వాళ్ళ గురించి మొదటి పెద్ద గ్రంథం రాసింది ఆస్ట్రియా నుంచి వచ్చిన ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. కృష్ణకు అవతలి అమ్రాబాద్ చెంచుల మధ్య ఉండి రాశాడు. 1943లో అచ్చయింది.

1978లో ఈ అడవిని అభయారణ్యం చేశారు, 1983లో పులుల సంరక్షణ పథకంలోకి వచ్చింది. నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్దది. దాని మార్కాపురం డివిజన్ అటవీ కార్యాలయం ఊళ్ళోనే ఉంది. పులి బతకాలి, అందులో రెండో మాట లేదు. పులి బతికి ఉన్నదీ చెంచుల వల్లే. రాత్రిళ్ళు బేస్ క్యాంపుల్లో కాపలా కాసేది, అడుగుజాడ చూసి పులి ఎటు పోయిందో చెప్పేది చాలావరకు చెంచు కుర్రవాళ్ళే. అలాంటివాళ్ళను అడవికి బరువుగా చూడటం అన్యాయం. అడవి హక్కుల చట్టం 2006లో వచ్చింది. గూడెం మొత్తానికి కలిపి అడవి మీద హక్కు ఇవ్వవచ్చని అందులో ఉంది. కాగితం మీది ఆ హక్కు ప్రతి గూడెంలోనూ అమలు కావాలి.

ఒక చిన్న జనాన్ని ఊరు ఎలా గౌరవించవచ్చో నాకు దూరదేశం నుంచి తెలిసింది. మా మేనల్లుడొకడు జర్మనీలో కోట్‌బుస్ అనే ఊళ్ళో చదువుతున్నాడు. బెర్లిన్‌కు ఆగ్నేయంగా, స్ప్రే నది ఒడ్డున ఉంటుంది. లక్ష జనాభా. అక్కడి సాంకేతిక విశ్వవిద్యాలయంలో మన దేశపు పిల్లలు చాలామంది ఉన్నారు. ఒకసారి ఫోన్‌లో వీధి చూపిస్తూ, 'మామా, ఇక్కడ బోర్డు మీద రెండు భాషలున్నాయి చూడు' అన్నాడు. స్టేషన్లో, వీధి మలుపులో జర్మన్ పేరు కింద సోర్బు భాషలో పేరు. సోర్బులు ఆ ప్రాంతంలో వెయ్యేళ్ళకు పైగా ఉంటున్న స్లావిక్ జనం. మొత్తం మీద అరవై వేల మంది ఉంటారంటారు. మన 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో చెంచులు 64 వేల మంది. వాడు ఆ బోర్డు చూపించినప్పట్నుంచి కోట్‌బుస్ గురించి దొరికిందల్లా చదివాను, వాణ్ణి అడిగి తెలుసుకున్నాను.

ఆ కోట్‌బుస్‌లో సోర్బుల కోసం ఒక మ్యూజియం ఉంది, వాళ్ళ భాష నేర్పే ఉన్నత పాఠశాల ఉంది. 1992 నాటి అక్కడి రాష్ట్ర రాజ్యాంగంలోనే వాళ్ళ రక్షణకు ఒక అధికరణం ఉంది. ఈస్టర్ పండగకు బాతు ఈక కొనను కోసి, కరిగిన మైనంలో ముంచి గుడ్డు పెంకు మీద చుక్కలు పెట్టి రంగు వేస్తారు. ఆ గుడ్లు చూడటానికి పొరుగూళ్ళ వాళ్ళు వస్తారు. ఊరికి వచ్చిన ప్రతి యాత్రికుడికీ మొదటి రోజే తెలుస్తుంది ఇది సోర్బుల ఊరు కూడా అని.

వాళ్ళకూ కష్టం తప్పలేదు. ఆ నేల కింద లిగ్నైటు బొగ్గు ఉంది. దానికోసం వందకు పైగా ఊళ్ళను లేపేశారు. హోర్నో అనే సోర్బు ఊరివాళ్ళు ఏళ్ళ తరబడి కోర్టుల్లో పోరాడి, చివరికి ఊరొదిలి వెళ్ళారు. ఇది చదివినప్పుడు నాకు మన సుంకేసుల, గుండంచర్ల, కలనూతల గుర్తొచ్చాయి. వెలిగొండ ప్రాజెక్టులో నల్లమల సాగర్ జలాశయం కింద మునిగే ఊళ్ళు అవి. కృష్ణ నీళ్ళను కొండ కింద దాదాపు 19 కిలోమీటర్ల సొరంగాల్లోంచి తేవాలి. ఈ ఫ్లోరైడు నేలకు ఆ నీళ్ళు కావాలి, ఆ ఊళ్ళ వాళ్ళకు న్యాయమూ కావాలి.

తేడా కూడా చెప్పాలి. సోర్బులది వేరే భాష, చెంచులు మాట్లాడేది తెలుగే, వాళ్ళదైన యాసలో. కాబట్టి మార్కాపురంలో రెండు లిపుల బోర్డులు అవసరం లేదు. చెంచుల వారసత్వం వాళ్ళ అడవి చదువులో ఉంది. శ్రీశైలంలో చెంచులక్ష్మి పేరుతో గిరిజన మ్యూజియం ఉంది, దాన్ని చూడండి. మార్కాపురం ఊళ్ళో మాత్రం బస్టాండులోగానీ స్టేషన్లోగానీ చెంచుల గురించి నాలుగు ముక్కలు చెప్పే బోర్డు నాకు ఎక్కడా కనపడలేదు. ఒక గది చాలు. తేనె తాడు, జిగురు కత్తి, వెదురు బుట్ట, గూడేల పటం, అడవి చెట్ల పేర్లు పెట్టి, చూపించి చెప్పడానికి చెంచు యువకుడికో యువతికో జీతం ఇచ్చి కూర్చోబెట్టాలి. గోడలకు మన పలకరాయే వాడవచ్చు. పెద్ద ఖర్చేమీ కాదు, పురపాలక సంఘమూ పలకల ఫ్యాక్టరీల యజమానులూ తలచుకుంటే ఏడాదిలో అయ్యే పని.

వెళ్ళేవాళ్ళకు కొన్ని మాటలు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఏప్రిల్, మే నెలల్లో ఈ రాళ్ళ మీద ఎండ భరించలేరు. మొదటి రోజు గుడి, పలకల ఫ్యాక్టరీ, సాయంత్రం త్రిపురాంతకం పెట్టుకోండి. శ్రీశైలానికి తూర్పు ద్వారం అని పేరున్న క్షేత్రం అది, కొండ మీది గుడి. రెండో రోజు కంభం చెరువు. మూడో రోజు తెల్లవారుజామున దోర్నాల మీదుగా తుమ్మలబైలు. అక్కడ అటవీశాఖ జీపులో అడవిలోకి తీసుకెళ్తుంది, దారి చూపేవాళ్ళలో చెంచులుంటారు. పులి కనపడకపోవచ్చు. కనపడకపోయినా పక్కన కూర్చున్న మనిషిని చెట్ల గురించి అడగండి, మీ డబ్బుకు తగిన ఫలం అక్కడే దక్కుతుంది. అడవి నడుమ ఇష్టకామేశ్వరి అమ్మవారికి పూజ చేసేది చెంచులే. ఆ దారికి శ్రీశైలం నుంచి జీపులు వెళ్తాయి, అనుమతి తీసుకోవాలి. దోర్నాల - శ్రీశైలం ఘాట్ రోడ్డు రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మూసేస్తారు. గేటు పడేలోగా దాటేలా బయల్దేరండి. దారిలో కోతులకు తినుబండారాలు వేయవద్దు, సీసాలు పారేయవద్దు.

గూడేనికి వెళ్ళాలనుకుంటే అనుమతితో, తెలిసినవాళ్ళ తోడుతో వెళ్ళండి. ఇళ్ళలోకి తొంగిచూడవద్దు, అడక్కుండా ఫోటో తీయవద్దు. పిల్లలకు చాక్లెట్లు పంచేకన్నా బడికి పలకలూ పుస్తకాలూ ఇచ్చి రండి. తేనె గిరిజన సహకార సంస్థ దుకాణంలో కొనండి, లేదా చెంచుల దగ్గరే కొనండి. వాళ్ళు చెప్పిన ధర ఇవ్వండి, బేరమాడకండి.